చెరకునకు రెల్లు తోడైన కథ: సర్ టి.ఎస్. వేంకటరామన్

మంజీరానదిపై నిజాంసాగరము 1931లో పూర్తియైన పిదప నిజామాబాదు మండలమున చెరకు తోటలు విస్తరిల్లినవి. 1937లో బోధనునందు నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఆ కాలమున దక్షిణాపథమున పేరెన్నికగన్న చెరకు రకములలో పెక్కింటి పేరు కో అను అక్షరముతో ఆరంభమగుచుండెను. అది కోయంబత్తూరునకు గుర్తు. ఆ గుర్తునకు దేశమంతట గౌరవము గూర్చినవారు సర్ తిరువాడి సాంబశివ వేంకటరామన్.

వీరు 1884లో జన్మించిరి. వృక్షశాస్త్రము నభ్యసించి, 1912లో కోయంబత్తూరున నెలకొన్న చెరకు ప్రజనన కేంద్రమున చార్లెస్ ఆల్‌ఫ్రెడ్ బార్బరు దొరకు సహాయకులై చేరిరి. బార్బరు దొర అంతకుమున్నే తెలుగునేలను, చెరకు శత్రువును ఎరిగినవాడు. గోదావరి డెల్టాలోని తోటలను ఎర్రకుళ్ళు తెగులు నాశనము చేయుటను 1901లో పరిశీలించినవాడాయనయే. మరుసటి యేడు సామర్లకోటలో చెరకు ప్రయోగక్షేత్రము ఏర్పడినది.

ఈ తెగులునకు మూలము ఒక సూక్ష్మమైన బూజు. చెరకు గడను నిలువున చీల్చినచో లోపల ఎరుపు, నడుమనడుమ తెల్లని మచ్చలు, పులిసిన వాసన కానవచ్చును. రోగము సోకిన ముచ్చెను నాటిన రైతు తన తోటలో తెగులునే నాటుకొనును.

తోట చెరకు తీయనిది, కాని సుకుమారి. ఏటియొడ్డున పెరుగు రెల్లు తీపి లేనిదైనను మొండిది. ఈ రెంటిని సంకరము చేయగా కో 205 పుట్టినది. 1918లో పంజాబు రైతులకు అందినది. బార్బరు వెడలిన పిదప వేంకటరామన్ గారు 1942 వరకు ఆ కృషిని నడపిరి. చెరకును జొన్నతోను, వెదురుతోను గూడ సంకరపరచిరి. దక్షిణమున కో 419 ఖ్యాతి గాంచినది.

అయినను శత్రువు నిదురింపలేదు. 1938-40 నడుమ బీహారులోను, తూర్పు సంయుక్త రాష్ట్రములలోను కో 213 తోటలు ఎర్రకుళ్ళు వాతబడినవి. కారణ మాలోచింపదగినది. చెరకును విత్తనముతో గాక ముచ్చెతో పెంచుదురు. కావున ఒక రకపు గడలన్నియు జన్యురీత్యా ఒకే మొక్క. బూజు అట్లుగాదు. దాని బీజకణములు అసంఖ్యాకములు. వానిలో మార్పులు కలుగుచునే యుండును. ఆ మొక్క రక్షణను ఛేదింపగల శాఖ ఒక్కటి పుట్టిన చాలును. అన్ని ఇండ్లకు ఒకే తాళమున్న ఊరిలో తాళపుచెవి దొంగకు దొరకినట్లే. ఆ ఉపద్రవమున లేత వన్నె గల క్రొత్త శాఖ బయల్పడినది.

వేంకటరామన్ గారిని 1956లో పద్మభూషణ బిరుదము వరించినది. 1963లో వారు కీర్తిశేషులైరి. బోధను కర్మాగారము 2015లో మూతబడినది. కాని పోరాటము ముగియలేదు. 2009లో విడుదలయై ఉత్తరదేశమును ఆక్రమించిన కో 0238 సైతము పదియేండ్లు దాటునంతలో ఎర్రకుళ్ళునకు లొంగినది. మేలైన రకమొకటి దొరకెనని దేశమంతట దానినే నాటుట శత్రువునకు త్రోవ చూపుటయే. తీపికి రెల్లును తోడుచేసిన ఆ మహనీయుని కృషి నేర్పు పాఠమిదియే: వైవిధ్యమే పైరునకు కోటగోడ.