ఉప్పునేలకు మంచినీరు – సర్ ఆర్థర్ కాటన్

జీవనదులు ప్రవహించే నేలలో నీటికి కొరత ఉండదని సామాన్యంగా భావిస్తాం. ఈ భావన ఎంత పొరపాటో గోదావరి డెల్టా చరిత్ర తెలియజేస్తుంది. వసిష్ఠ గోదావరి కుడిగట్టున, సముద్రానికి చేరువలో వెలసిన నరసాపురం ఇందుకు చక్కని నిదర్శనం. ఊరి ముంగిటే నది ఉంది. అయినా వేసవిలో ప్రవాహం సన్నగిల్లగానే సముద్రపు పోటు నదిలోకి ఎగదన్ని నీటిని ఉప్పగా మార్చివేస్తుంది. నుయ్యి తవ్వితే, పైనున్న ఇసుకపొరలో వాననీరు ఇంకి నిలిచినంత మేరకే తియ్యని నీరు లభిస్తుంది. ఆ పొర దాటి లోతుకు పోయినకొద్దీ చాలాచోట్ల ఉప్పునీరే ఎదురవుతుంది. పెరట్లో నుయ్యి ఉండి కూడా తాగే నీటికోసం కావిడి భుజాన వేసుకోవలసి రావడం ఈ తీరగ్రామాలకు తరతరాల అనుభవం. ఇటువంటి నేలకు ఏడాదిలో అధికభాగం గోదావరి జలాన్ని కాలువల ద్వారా అందించిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆయన పదకొండుమంది కుమారులలో ఆర్థర్ పదవవాడు. ఆడిస్‌కంబ్ సైనిక విద్యాలయంలో శిక్షణ పొంది, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. 1821లో భారతదేశానికి వచ్చాడు. కావేరీతీరంలో పనిచేసిన కాలంలో చోళులనాటి కల్లణై ఆయన దృష్టిని విశేషంగా ఆకర్షించింది. రాతినేల దొరకని ఇసుకనదిలో పునాది ఎలా నిలబడుతుందన్న ప్రశ్నకు ఆ ప్రాచీన నిర్మాణమే ఆయనకు సమాధానం చెప్పింది. దేశీయుల పనితనాన్ని చిన్నచూపు చూడక, వారినుండి నేర్చుకోవడం ఆయన స్వభావంలోని విశిష్టత. ఆ పాఠం ఆధారంగా 1836లో కొళ్లిడం నదిపై ఎగువ, దిగువ ఆనకట్టలు నిర్మించాడు.

ఆ రోజులలో గోదావరి మండలం దుర్భరస్థితిలో ఉంది. 1833 ప్రాంతంలో వచ్చిన నందన కరువు వేలాది కుటుంబాలను తుడిచిపెట్టింది. 1839 నవంబరులో పెనుతుపాను కోరంగి తీరాన్ని ముంచెత్తింది. 1821లో ఏడు లక్షలకు మించి ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా, ఇరవై సంవత్సరాలలో ఆరు లక్షలకు లోపుగా తగ్గిపోయింది. వరద వచ్చిన ఏడు నీరంతా సముద్రం పాలు. వాన కురవని ఏడు చెరువులు, నూతులు కూడా ఎండిపోయేవి. నదిలో నీరు లేకపోవడం ఈ దుఃస్థితికి కారణం కాదనీ, ఉన్న నీటిని నిలిపి పంచే ఏర్పాటు లేకపోవడమే కారణమనీ కాటన్ గుర్తించాడు. అనారోగ్యంతో బాధపడుతూనే డెల్టా అంతటా తిరిగి నేలవాలును, నదీగమనాన్ని, వరదమట్టాన్ని పరిశీలించాడు. 1844, 1845 సంవత్సరాలలో తన నివేదికలను ప్రభుత్వానికి సమర్పించాడు.

ధవళేశ్వరం వద్ద పని 1847లో ప్రారంభమైంది. అక్కడ గోదావరి లంకల నడుమ నాలుగు పాయలుగా చీలి ఉంటుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా, పన్నెండు అడుగుల ఎత్తున, సుమారు మూడున్నర కిలోమీటర్ల పొడవున ఆనకట్ట లేచింది. దానికి కావలసిన రాయి చెంతనే ఉన్న కొండనుండి లభించింది. వేలాది కూలీలు పనిచేశారు. వారిని సమకూర్చి నడిపించడంలో తెలుగువాడైన వీణెం వీరన్న కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు. 1848లో ఆరోగ్యం క్షీణించి కాటన్ సెలవుపై వెళ్లవలసి వచ్చినప్పుడు, కెప్టెన్ ఆర్ పని నడిపాడు. కాటన్ 1850లో తిరిగి వచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

ఆనకట్ట పూర్తికావడంతోనే పని ముగియలేదు. ఆ తరువాత ఏళ్ల తరబడి కాలువల తవ్వకం సాగింది. విజ్జేశ్వరం తలుపులనుండి బయలుదేరిన నీరు పశ్చిమ డెల్టా గుండా నరసాపురం ప్రాంతానికి చేరింది. ఆ కాలువలు పొలాలు తడిపాయి, పడవలు నడిపాయి. వీటితోపాటు చరిత్రకారులు తక్కువగా ప్రస్తావించే మరో ఉపకారం కూడా చేశాయి. ఊరి మంచినీటి చెరువులు వాటివల్ల నిండాయి. నూతిలో ఉప్పునీరు ఊరే గ్రామాలకు ఆ చెరువే ప్రాణాధారమైంది. వేసవిలో మరమ్మతులకోసం కాలువలు కట్టివేసే ముందు చెరువులు నింపుకొనే ఆచారం డెల్టాలో స్థిరపడింది.

అయితే నీరు ఊరికి చేరడం వేరు, తాగడానికి యోగ్యం కావడం వేరు. తొలివరదలో గోదావరి ఎర్రనీటితో వస్తుంది. గృహిణులు ఇండుపగింజను కుండ లోపలివైపు అరగదీసి, లేదా పటిక కలిపి, ఒండ్రును అడుగుకు దింపేవారు. ఇందువల్ల నీరు తేటపడుతుంది. కాని తేటనీరంతా శుద్ధజలం కాదు. ఆనకట్ట పూర్తయిన రెండేళ్లకు, 1854లో, లండను నగరంలో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు దానిని ఒక వీధి పంపునీటితో ముడిపెట్టి చూపాడు. కంటికి కనిపించని క్రిములను తొలగించడానికి నీటిని మరిగించాలి, లేదా క్లోరిన్ కలపాలి. ఇసుకవడపోత పడకలలో నీరు నెమ్మదిగా దిగేటప్పుడు, ఇసుక పైభాగాన ఏర్పడే సూక్ష్మజీవుల పొర కూడా ఈ క్రిములను చాలావరకు అరికడుతుంది.

నూతినీటి సమస్య ఇంతకన్న భిన్నమైనది. అందులో బురద తక్కువ. కరిగి ఉన్న లవణాలు ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా ఉంటే అది కఠినజలం. అందులో సబ్బు నురగనివ్వదు, పప్పు త్వరగా ఉడకదు, కాచిన పాత్ర అడుగున తెల్లని పెచ్చు కడుతుంది. ఈ కాఠిన్యంలో తాత్కాలికమైన భాగం మరిగిస్తే పోతుంది. 1841లోనే అబర్డీన్ ఆచార్యుడు థామస్ క్లార్క్, సున్నంతో దానిని తొలగించే పద్ధతికి పేటెంటు పొందాడు. శాశ్వత కాఠిన్యాన్ని తొలగించడానికి నేడు ఇళ్లలో వాడే మృదుకరణ యంత్రంలో రెసిన్ గుళికలు ఉంటాయి. అవి కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని, వాటికి బదులుగా సోడియంను నీటిలోకి విడుస్తాయి. గుళికల శక్తి తగ్గినప్పుడు ఉప్పునీటితో వాటిని కడిగి పునరుద్ధరిస్తారు.

నరసాపురం వంటి తీరప్రాంతాలలో ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. మృదుకరణ యంత్రం కాఠిన్యాన్ని తగ్గిస్తుందేగాని ఉప్పదనాన్ని తగ్గించదు. ఉప్పుబావికి దానిని అమర్చితే సబ్బు నురుగుతుంది. నీరు మాత్రం తాగడానికి పనికిరాదు. ఇసుకవడపోతగాని, బొగ్గువడపోతగాని కరిగిన ఉప్పును ఆపలేవు. అందుకు నీటిని సూక్ష్మమైన పొరగుండా ఒత్తిడితో పంపే ఆర్‌ఓ యంత్రం కావాలి. అది కొంత నీటిని శుద్ధిచేసి, మిగిలినదానిని లవణాలతో సహా బయటకు వదులుతుంది. కాబట్టి తాగునీటికి, వంటనీటికి మాత్రమే దానిని వాడడం వివేకం. నీటి గుణాన్ని బట్టి సాధనాన్ని ఎన్నుకోవాలి. అందుచేత ముందుగా చేయవలసినది పరీక్ష. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు కాఠిన్యం 200 మిల్లీగ్రాములు, కరిగిన ఘనపదార్థాలు 500 మిల్లీగ్రాములు మించరాదు. వేరే ఆధారం లేనప్పుడు ఇవి వరుసగా 600, 2000 వరకు ఉండవచ్చు. వర్షాకాలపు నూతినీరు వేసవిలో మారిపోతుంది కనుక రెండు కాలాలలోనూ పరీక్షించడం అవసరం. అవసరానికి మించి బోరు లోతు పెంచి తోడితే, అడుగునున్న ఉప్పునీరు పైకి వచ్చి ఉన్న తీపిని కూడా చెరుపుతుంది.

ముందుగా పరిశీలించడం, ఆ తరువాతే పరిష్కారం వెదకడం కాటన్ జీవితమంతా అనుసరించిన మార్గం. ఆ మార్గం ఆయనకు అందరి మెప్పునూ తేలేదు. 1861లో సర్ బిరుదు లభించింది. రైలుమార్గాలకన్న కాలువలే ఈ దేశానికి మేలని వాదించినందుకు విమర్శలు కూడా అంతే తీవ్రంగా వచ్చాయి. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట ఆయన తన అభిప్రాయాలను సమర్థించుకోవలసి వచ్చింది. ఉద్యోగవిరమణ తరువాత ఇంగ్లండులోని డార్కింగ్‌లో స్థిరపడి, వృద్ధాప్యంలోనూ లోతుగా దున్ని గోధుమ పండించే ప్రయోగాలు చేశాడు. 1899 జూలై 24న, తొంభైఆరేళ్ల వయస్సులో కన్నుమూశాడు.

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. డెల్టాలోని ఎన్నో ఊళ్లలో ఆయన విగ్రహాలు వెలిశాయి. అయితే కాటన్ నీటిని కాలువదాకా తెచ్చాడు. దానిని కలుషితం కాకుండా కాపాడుకొనే బాధ్యత తరువాతి తరాలకు వదిలాడు. చేపల, రొయ్యల చెరువుల వ్యర్థజలం, ఊళ్ల మురుగు కాలువలలో కలిసినకొద్దీ ఇంట్లో వడపోత యంత్రానికి పని పెరుగుతుంది. పెరటి నూతిని, ఊరి చెరువును, పారే కాలువను శుభ్రంగా ఉంచుకున్న గ్రామానికి యంత్రం అవసరం అంతమేరకు తగ్గుతుంది. ఆ మహనీయుని పట్ల డెల్టావాసులు చూపగల నిజమైన కృతజ్ఞత అదే.