కలివికోడిని లోకమునకెరిగించిన జర్డన్ వైద్యుడు

ఉదయగిరికి పడమట వెలిగొండలు. వానికావల కడప మండలము. ఈ ముండ్లపొదల సీమలో అపురూపమైన పక్షి యొకటి గలదని వ్రాసి నిలిపినవాడు తామస్ జర్డన్.

ఇతడు 1811వ సంవత్సరమున ఇంగ్లండులోని డర్హం మండలమున జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున 1836లో చెన్నపట్టణము చేరెను. కొంతకాలము నెల్లూరున సివిల్ సర్జనుగా నుండెను. చికిత్స అతని ఉద్యోగము. పక్షులను, పాములను, చీమలను సైతము పరిశీలించుట అతని వ్యసనము. దేశీయ చిత్రకారులచే పక్షుల బొమ్మలు వ్రాయించి, 50 వర్ణచిత్రములను 1843–47 నడుమ ప్రకటించెను. 1862–64లో వెలువరించిన 'భారతదేశ పక్షులు' అను గ్రంథమున, పక్షులకు తెలుగువారు పెట్టుకొన్న పేర్లను గూడ చేర్చెను. 1872లో ఇంగ్లండున దివంగతుడయ్యెను.

అతనికి దొరకిన పక్షి నొకదానిని, కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పండితుడు ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. రొమ్మున రెండు పట్టెలుగల ఆ పక్షియే కలివికోడి. నెల్లూరు, కడప కొండప్రాంతము దాని నెలవని జర్డన్ వ్రాసెను. 1900 తరువాత అది పండితుల కంటబడలేదు. వెదకి వేసారినవారు నశించినదనుకొనిరి.

ఆత్మకూరు చెంత సోమశిల వద్ద కొండలు వెడలివచ్చు పెన్నకు ఎగువన, లంకమల అడవులు గలవు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు ఆ ప్రాంతపు పల్లెలలో పక్షి బొమ్మను చూపి విచారించిరి. అది చీకటివేళ తిరుగునది. పగలు వెదకిన కనబడునా? 1986 జనవరిలో రెడ్డిపల్లి వద్ద గ్రామస్థుడొకడు దానిని రాత్రివేళ పట్టి తెచ్చెను. గ్రంథమున నున్న మాట పల్లెకు వచ్చినది. పల్లెలోని ఎరుక గ్రంథమున కెక్కినది.

వార్త దేశదేశముల వ్యాపించెను. 1988లో లంకమల అభయారణ్యమయ్యెను; ఆ ఏటనే పక్షి పేర తపాలాబిళ్ల వెలువడెను. పిమ్మట తెలుగుగంగ కాలువయు ఆ పొదలను తప్పించుకొని దారి మార్చుకొనవలసివచ్చెను. ఎవరికిని తెలియకున్నచో ఇంత రక్షణ కలుగునా?

అయినను దాని యునికికి అపాయము తొలగలేదు. పొదలను నరికి, నేలను చదును చేసినచో దానికి వేరు తావు లేదు. పశువుల కాపరులును, కట్టెలకేగువారును అట్టి పక్షిని చూచినచో, ఉచ్చులు పన్నక అటవీశాఖవారికి తెలుపుట మేలు. జర్డన్ చేసిన పని అంతియే: కన్నది మరుగుపడనీయక వ్రాసియుంచెను. నూరేండ్లు దాటినను ఆ వ్రాత వ్యర్థము గాలేదు.