గుమాస్తా ఉద్యోగం దక్కని మహాకవి

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధుని జీవిత విశేషాలు వ్రాయవలసిందిగా మన కార్యదర్శిగారు కోరారు. గాంధీగారి గురించి, ప్రకాశం పంతులుగారి గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్ఫై నాలుగేళ్ళు ప్రభుత్వ గుమాస్తాగా ఫైళ్ళు కట్టి విప్పినవాణ్ణి. కాబట్టి, ఏదో ఒక చిన్న సర్కారు కొలువు ఇప్పించమని మిత్రులను బతిమాలుకుని, అది చేతిదాకా వచ్చాక జారవిడుచుకున్న ఒక అమెరికా కవి కథ చెబుతాను. ఆయన ఎడ్గార్ ఎలన్ పో. అపరాధ పరిశోధక కథలకు ఆద్యుడంటారు. ఇంగ్లీషు సాహిత్యం చదివిన మన పిల్లలకు ఆయన బొంతకాకి పద్యం తెలిసే ఉంటుంది. ఇంటిపేరు తెలుగులో వ్రాస్తే 'పో' అవుతుంది. ఉద్యోగమిచ్చిన యజమానులు చాలామంది ఆయనను ఆ మాటే అన్నారు. చదవడానికి ఇబ్బంది కనుక ఎడ్గార్ అనే వ్రాస్తాను.

1809 జనవరి 19న బోస్టన్ నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ నాటకాల వాళ్ళు. తండ్రి తాగుబోతు, సంసారాన్ని వదిలేసి పోయాడు. తల్లి 1811 డిసెంబరులో రిచ్‌మండ్‌లో క్షయతో చనిపోయింది. అప్పటికి పిల్లవాడికి మూడేళ్ళు కూడా నిండలేదు. జాన్ ఎలన్ అనే పొగాకు వర్తకుడు చేరదీశాడు గాని, చట్ట ప్రకారం దత్తత తీసుకోలేదు. ఆస్తి వ్యవహారాలు చూసిన వాళ్ళకు ఆ తేడా ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

1826లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడే పేకాట, అప్పులు, మందు మొదలయ్యాయి. తోటి విద్యార్థులు తరువాతి కాలంలో చెప్పిన సంగతి ఒకటుంది. ఆయన రుచి కోసం తాగేవాడు కాదట. గ్లాసు నిండుగా పోసుకుని, నీళ్ళయినా సోడా అయినా కలపకుండా, ఒక్క గుక్కలో దించేసేవాడట. ఆ ఒక్క దానితోనే మనిషి మారిపోయేవాడు, రెండోది తాగే స్థితి ఉండేది కాదు. ఈ సంగతి గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. ఆ తరువాత ఆయనను ఎరిగినవారిలో మిత్రులు, శత్రువులు అందరూ ఇంచుమించు ఇదే చెప్పారు. పీపాలకు పీపాలు తాగేవాడని లోకం అనుకున్నది గాని, ఆయన శరీరానికి ఒక గ్లాసు వైనే ఎక్కువ.

పెంపుడు తండ్రి చదువు మాన్పించాడు. పేరు మార్చుకుని సైన్యంలో సిపాయిగా చేరి రెండేళ్ళలో సార్జంట్ మేజర్ అయ్యాడు. ఉద్యోగానికి పనికిరాని మనిషి కాడని చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను. ఆపైన వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చేరి, 1831లో బర్తరఫ్ అయ్యాడు. 1835లో రిచ్‌మండ్‌లో ఒక మాసపత్రికలో పని దొరికింది. కొద్ది వారాలకే తాగుడు కారణంగా పోయింది. యజమాని వైట్ మంచివాడు. సీసా ముట్టనంటేనే రమ్మని షరతు పెట్టి మళ్ళీ తీసుకున్నాడు. 1836లో మేనత్త కూతురు వర్జీనియాను పెళ్ళాడాడు. మన మేనరికం వంటిదే. కాకపోతే పిల్లకు పదమూడు, ఈయనకు ఇరవై ఏడు. అత్తగారు మరియా క్లెమ్ కూడా వాళ్ళతోనే ఉండి, కడదాకా ఆయనను కన్నకొడుకులా చూసింది.

ఇక అసలు విషయం. 1841 నాటికి ఎడ్గార్ ఫిలడెల్ఫియాలో గ్రాహం పత్రికకు సంపాదకుడు. జీతం సంవత్సరానికి 800 డాలర్లు. ఆయన స్నేహితుడు ఎఫ్.డబ్ల్యు. థామస్ వాషింగ్టన్‌లో ట్రెజరీ గుమాస్తా. ఏడాదికి వెయ్యి డాలర్లు. పొద్దున తొమ్మిది దాటాక తీరికగా ఆఫీసుకు వెళ్ళి, మధ్యాహ్నం రెండు దాటగానే భోజనానికి ఇంటికొస్తే ఇక ఆ రోజుకు పనే లేదని ఉత్తరం వ్రాసి ఊరించాడు. మనకు అటువంటి సర్వీసు కలలో కూడా లేదనుకోండి! ఎడ్గారుకు నోరూరింది. 500 డాలర్ల ఉద్యోగమైనా చాలు, యజమాని తల ఊపినప్పుడల్లా మెదడును వెండిగా మార్చే పని ఇక చేయలేనని జవాబు వ్రాశాడు. అప్పటి అధ్యక్షుడు జాన్ టైలర్. ఆయన కుమారుడు రాబర్ట్ టైలర్‌కు కవిత్వమంటే ఇష్టం. అతని ద్వారా ఫిలడెల్ఫియా కస్టమ్స్ ఆఫీసులో పోస్టు కోసం ప్రయత్నం మొదలయింది.

1842 నవంబరులో కొత్త నియామకాల జాబితా పత్రికల్లో వచ్చింది. అందులో పోగ్ అనే పేరుంది. అటువంటి పేరుగలవాడు ఎవరూ లేరని విచారించి, అది తన పేరే తప్పు పడిందనుకుని రెండు రోజులు కబురు కోసం ఎదురుచూశాడు. కబురు రాకపోగా తానే వెళ్ళి అధికారిని కలిశాడు. అంతకుముందు ఒకసారి నాలుగు రోజులాగి రమ్మన్న అధికారే ఆయన. ఇప్పుడు, ఇక నియామకాలు లేవన్నారు. ఆఫీసు వరండాలలో తిరిగినవారికి ఈ నాలుగు రోజులాగి రావడం ఎంత పాతదో అర్థమవుతుంది.

అయినా వదలక 1843 మార్చిలో స్వయంగా వాషింగ్టన్ వెళ్ళాడు. ఉద్యోగం మాట పైవాళ్ళ చెవిన వేయాలి, తాను పెట్టదలచిన కొత్త పత్రికకు చందాదారులను కూడా చేర్చాలి. థామస్ అప్పుడు జబ్బుపడి మంచంలో ఉన్నాడు. వెంట ఉండి కనిపెట్టుకునే మనిషి లేకపోయాడు. మొదటి రాత్రే హోటల్లో కొందరు పోర్ట్ వైన్ పుచ్చుకోమని బాగా ఒత్తిడి చేశారు. పుచ్చుకున్నాడు. మరునాడు ఫర్వాలేదు. ఆ తరువాత నిలకడ తప్పింది. పై కోటు తిరగేసి తొడుక్కుని తిరిగాడు. ఒకాయన మీసాలను ఎగతాళి చేశాడు. డౌ అనే మరో మిత్రుడు ఆందోళనపడి ఫిలడెల్ఫియాలోని పత్రిక భాగస్వామి క్లార్క్‌కు ఉత్తరం వ్రాశాడు. అధ్యక్షుని వద్ద ఇతనికి చెడుపు చేయగలవాళ్ళ కళ్ళ ఎదుటే ఇలా ప్రవర్తిస్తున్నాడు, వచ్చి తీసుకుపొమ్మన్నాడు. ఇంటి దగ్గర భార్య జబ్బుగా ఉంది, మనిషి క్షేమంగా చేరేదాకా ఆమెకు ఒక్కమాట కూడా తెలియనివ్వవద్దని మరీమరీ చెప్పాడు.

ఎడ్గార్ ఒంటరిగానే ఇల్లు చేరాడు. రాగానే మిత్రులకు క్షమాపణ ఉత్తరం వ్రాశాడు. కోటు సంగతి, మీసాల సంగతి మనసులో పెట్టుకోవద్దన్నాడు. ఆ ఇన్‌స్పెక్టర్ పోస్టు గనుక ఇప్పిస్తే తక్షణం మద్యపాన నిషేధ సంఘంలో చేరతానన్నాడు. పోస్టు రాలేదు. నా మటుకు నాకు ఈ వ్యవహారంలో ఎడ్గార్ మీద కంటే, ఆ మొదటి రాత్రి బలవంతం పెట్టినవాళ్ళ మీదే కోపం. వాళ్ళ పేర్లు చరిత్రలో లేవు. మర్నాడు వాళ్ళు మామూలుగా తమ పనులకు తాము పోయి ఉంటారు.

ఇక్కడ వైద్యులు చెప్పేది కొంత వ్రాయాలి. బ్లాకౌట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం కాదు. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, పోట్లాడతాడు, సంతకం కూడా పెడతాడు. తెల్లవారి అడిగితే ఏమీ తెలియదంటాడు. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం జరిగినదాన్ని జ్ఞాపకంగా నమోదు చేస్తుంది. మద్యం దాన్ని పనిచేయనివ్వదు. మన భాషలో చెప్పాలంటే, టప్పా వచ్చింది, జవాబు కూడా వెళ్ళింది, ఇన్‌వర్డు రిజిస్టరులో మాత్రం ఎక్కలేదు. రికార్డు రూము ఎంత గాలించినా దొరకదు. డొనాల్డ్ గుడ్విన్ అనే మానసిక వైద్యుడు 1970 ప్రాంతంలో తాగుడు వ్యసనం ఉన్నవారి మీద పరీక్షలు చేశాడు. చూపించిన వస్తువును రెండు నిమిషాల తరువాత చెప్పగలిగినవాళ్ళే అరగంట తరువాత చెప్పలేకపోయారు. ఖాళీ కడుపున, గబగబా తాగినవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఎంతకు ఎక్కుతుందనేది మనిషి మనిషికీ వేరు. వంశపారంపర్యం కూడా ఉంది. ఈ గుడ్విన్ 1988లో తాగుడు రచయితల మీద పుస్తకం వ్రాసి, అందులో ఎడ్గారును కూడా చేర్చాడు.

నేను పనిచేసిన ఒక సెక్షన్లో ఇటువంటాయన ఉండేవాడు. పనిలో దిట్ట, డ్రాఫ్టు వ్రాస్తే దిద్దే పని ఉండేది కాదు. ఎవరి బదిలీ విందులోనో రెండో గ్లాసు పూర్తికాకుండానే పైఅధికారిని పదిమందిలో నానామాటలు అని, మర్నాడు ఏమీ ఎరగనట్టు నమస్కారం పెట్టాడు. అందరూ నాటకమన్నారు. ఇంక్రిమెంటు ఆగింది. ఒకరోజు ఆయన భార్య ఆఫీసుకు వచ్చి, మావారిని తాగవద్దని చెప్పమని నేను అడగను, మీరు పొయ్యవద్దు బాబూ అని మా అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఎడ్గార్ భార్య వర్జీనియాకు 1842 జనవరిలో పాడుతుండగా నోటివెంట నెత్తురు వచ్చింది. క్షయ. ఇవాళ పోతుందని ఏడవడం, రేపు లేచి కూర్చుంటే ఆశపడడం. ఐదేళ్ళు ఇలా నడిచింది. 1845 జనవరిలో బొంతకాకి పద్యం అచ్చయి దేశమంతా పేరు వచ్చినా ఇంట్లో పొయ్యి వెలగడం కష్టంగానే ఉండేది. 1847 జనవరి 30న ఆమె పోయింది. ఏడాది తరువాత ఒక అభిమానికి వ్రాసిన ఉత్తరంలో ఎడ్గార్ తన తాగుడు గురించి దాచకుండా చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఒళ్ళు తెలియని స్థితి వచ్చేదనీ, ఆ స్థితిలో ఎన్నిసార్లు తాగాడో, ఎంత తాగాడో తనకే తెలియదనీ, తాగుడు వల్ల పిచ్చి వచ్చిందని శత్రువులంటారు గాని నిజానికి పిచ్చి వల్లనే తాగుడు వచ్చిందనీ వ్రాశాడు. వైద్యులు దీన్ని ఒప్పుకుంటారో లేదో గాని, రాత్రి ఏం జరిగిందో ఇతరుల నోట వినవలసిన మనిషి బాధ మాత్రం అందులో ఉంది.

1849 ఆగస్టు 27న రిచ్‌మండ్‌లో మద్యపాన విసర్జన సంఘంలో చేరి ప్రమాణం చేశాడు. చిన్ననాటి స్నేహితురాలిని, అప్పటికి వితంతువు, పెళ్ళి చేసుకునే ఏర్పాటు కూడా జరిగింది. సెప్టెంబరు 27న ఓడెక్కి బాల్టిమోరు బయలుదేరాడు. అక్టోబరు 3న, అక్కడ ఎన్నికల రోజున, పోలింగు జరుగుతున్న ఒక సారాయి దుకాణం దగ్గర ఒక అచ్చు కూర్పరి ఆయనను గుర్తుపట్టి, స్నోడ్‌గ్రాస్ అనే డాక్టరుకు చీటీ పంపాడు. ఒంటిమీద ఉన్నవి ఆయన బట్టలు కావు. మధ్య రోజులలో ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో నేటికీ తెలియదు. మన సర్వీసు రిజిస్టరులో ఒక్కరోజు లెక్క తేలకపోతేనే ఎన్ని మెమోలు వచ్చేవి!

ఆసుపత్రిలో చేర్చాక కూడా జరిగింది చెప్పగల తెలివి రాలేదు. అక్టోబరు 7 తెల్లవారుజామున కన్నుమూశాడు. నలభై ఏళ్ళు. స్నోడ్‌గ్రాస్ మద్యనిషేధ ప్రచారకుడు, తాగుడే కారణమన్నాడు. ఆసుపత్రి డాక్టరు మోరన్ తాగుడు కానే కాదని తరువాత ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. ఎన్నికల రౌడీలు పట్టుకుపోయి మత్తుమందు పోసి దొంగఓట్లు వేయించారని కొందరు, పిచ్చికుక్క వ్యాధి అని 1996లో ఒక డాక్టరు అన్నారు. ఆసుపత్రి రికార్డులేవీ మిగలలేదు.

మరునాడే తాతగారి స్థలంలో పూడ్చిపెట్టారు. పట్టుమని పదిమంది కూడా రాలేదు. అత్తగారికి కబురు అందేసరికి అంతా అయిపోయింది. సమాధికి రాతి స్మారకం 1875లో గాని లేవలేదు. దానికి బాల్టిమోరు బడిపంతుళ్ళు, బడిపిల్లలు చందాలు పోగుచేశారు.