ఉస్తాద్‌గా బతికిన రాష్ట్రపతి: డాక్టర్ జాకిర్ హుస్సేన్

మన హైదరాబాదులో పుట్టి ఈ దేశానికి రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారి పేరు వినని ముస్లిం కుటుంబం ఉండదు. పిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఆయన మూడవ రాష్ట్రపతి, తొలి ముస్లిం రాష్ట్రపతి. పరీక్షలో మార్కు రావడానికి ఆ ఒక్క ముక్క చాలు. కానీ ఆయన రాష్ట్రపతిగా ఉన్నది రెండేళ్ళు కూడా నిండలేదు. విద్యాసంస్థలను పోషించి నిలబెట్టిన కాలం మాత్రం ముప్పై ఏళ్ళు. అందుకని ఈ సావనీరులో ఆయనను ఉస్తాద్‌గా తలుచుకుందామని అనుకున్నాం. చదువు ఎలా ఉండాలో తేల్చే చోట చదువు చెప్పేవాడికి కూడా మాట ఉండాలన్నది ఆయన జీవితంలో మనకు కనిపించే పాఠం.

జాకిర్ హుస్సేన్ గారు 1897 ఫిబ్రవరి 8వ తేదీన హైదరాబాదులో జన్మించారు. వారి పూర్వీకులు ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్‌కు చెందిన అఫ్రీదీ పఠాన్లు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు హైదరాబాదు వచ్చి వకీలుగా పేరు తెచ్చుకున్నారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడోవాడు. 1907లో తండ్రి పోయేనాటికి ఆయనకు పదేళ్ళు. కుటుంబం తిరిగి కాయంగంజ్ చేరింది. 1911లో ప్లేగు వ్యాధి తల్లినీ తీసుకుపోయింది. ఆ యతీమ్ పిల్లవాడికి ఇటావాలోని ఇస్లామియా హైస్కూలే ఇల్లయింది, అక్కడి హెడ్మాస్టరు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ గారే పెద్దదిక్కయ్యారు. ఒక మంచి ఉపాధ్యాయుడు బిడ్డ జీవితాన్ని ఎంత మార్చగలడో ఆయన పుస్తకాల్లో చదవక ముందే అనుభవంలో చూశారు.

తర్వాత అలీగఢ్ కాలేజీ. 1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. ప్రభుత్వ సహాయంతో నడిచే చదువును వదలిపెట్టమని పిలుపునిచ్చారు. ఎం.ఏ. చదువుతూ పాఠాలు కూడా చెబుతున్న జాకిర్ గారు ముందుకొచ్చిన యువకుల్లో ఒకరు. అదే నెల 29వ తేదీన షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ గారి చేతుల మీదుగా జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభమైంది. హకీం అజ్మల్ ఖాన్ గారు ఛాన్సలరు, మౌలానా మహమ్మద్ అలీ గారు మొదటి వైస్ ఛాన్సలరు.

1922లో జాకిర్ గారు జర్మనీ వెళ్ళి, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేటు సంపాదించారు. ఈలోగా ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమం చల్లబడింది, చందాలు ఆగిపోయాయి. 1925లో జామియా ఢిల్లీలోని కరోల్ బాగ్‌కు మారింది. దాన్ని మూసేద్దామన్న మాట కూడా వచ్చింది. జాకిర్ హుస్సేన్, ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ అనే ముగ్గురు మిత్రులు జర్మనీ నుంచే కబురు పంపారు. మూసెయ్యొద్దు, మేం వచ్చి పనిచేస్తాం అన్నది దాని సారాంశం. అన్నట్టే 1926లో వచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో జాకిర్ గారు షేఖుల్ జామియా, అంటే వైస్ ఛాన్సలరు అయ్యారు.

1927 డిసెంబరులో హకీం సాహెబ్ కన్నుమూశారు. జామియాకు ఉన్న పెద్ద ఆధారం కూలిపోయింది. పేరున్న పెద్దలున్నారు గానీ బరువు మోసేవారు లేరు. అప్పుడు ఉపాధ్యాయులే నడుం కట్టారు. 1928లో అంజుమన్-ఎ-తాలీమ్-ఎ-మిల్లీ అనే సంఘం ఏర్పడింది. పదకొండు మంది ఆజీవన సభ్యులు, నెలకు 150 రూపాయలు మించని జీతంతో ఇరవై ఏళ్ళు సేవ చేస్తామని ప్రతిజ్ఞ పట్టారు. విదేశీ డాక్టరేటు ఉన్నవాళ్ళకి బయట అంతకు ఎన్నో రెట్లు జీతం దొరికే రోజులవి. ఆ జీతం కూడా ఎన్నో నెలలు చేతికి అందేది కాదు.

ఇక్కడ మన సభ్యులు ఒక సంగతి గమనించాలి. ఈ కథను చాలామంది త్యాగం కథగా చెప్పి ఊరుకుంటారు. త్యాగం నిజమే. కానీ దానితోపాటు సంస్థ పగ్గాలు కూడా ఉపాధ్యాయుల చేతికే వచ్చాయి. బరువు మోసేవాడే దారి కూడా నిర్ణయించాడు. దాని ఫలితం తరగతి గదుల్లో కనిపించింది. ప్రాథమిక పాఠశాలలో పిల్లలే ఒక చిన్న బ్యాంకు, ఒక దుకాణం నడిపేవారు. లెక్కలు అక్కడే వచ్చేవి, నిజాయితీ కూడా అక్కడే అలవాటయ్యేది. షఫీఖుర్రహమాన్ కిద్వాయీ గారు హమ్‌దర్దాన్-ఎ-జామియా అనే విభాగం ద్వారా మామూలు జనం దగ్గర చిన్న చిన్న చందాలు పోగుచేశారు. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త భవనానికి పునాదిరాయి వేయవలసి వస్తే, ఏ నవాబునూ పిలవలేదు. బడిలో అందరికంటే చిన్నవాడైన అబ్దుల్ అజీజ్ అనే పిల్లవాడి చేత వేయించారు.

1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యా సదస్సు జరిగింది. చేతిపని ద్వారా చదువు చెప్పాలని, ఆ పని మీద వచ్చే ఆదాయంతో బడి ఖర్చు గడవాలని గాంధీజీ ఆలోచన. అక్కడ జాకిర్ గారు మొహమాటం లేకుండా తన అనుమానాలు చెప్పారు. చేతిపని ద్వారా బోధన మంచిదే గానీ, ఆదాయం మీద దృష్టి పెడితే బడి కార్ఖానా అవుతుందన్నది ఆయన భయం. ఎదిరించి మాట్లాడినందుకు గాంధీజీ కోపగించలేదు. పథకం తయారుచేసే కమిటీకి ఆయననే అధ్యక్షుణ్ణి చేశారు. మహాత్ముడి గొప్పతనం అందులో ఉంది, ఉస్తాద్ ధైర్యం కూడా అందులోనే ఉంది.

1937 డిసెంబరు 2న కమిటీ నివేదిక అందింది. ఏడు నుండి పద్నాలుగేళ్ళ వరకు ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపని చుట్టూ పాఠాలు అన్నవి ముఖ్యాంశాలు. ఉపాధ్యాయుడి గురించి కూడా ఖచ్చితంగా రాశారు. తరగతికి ముప్పై మందికి మించరాదు. జీతం నెలకు వీలైతే 25 రూపాయలు, 20కి తగ్గరాదు. పూర్తి శిక్షణ మూడేళ్ళు. పిల్లల చేత వీలైనంత పని పిండుకోవడమే బడి లక్ష్యం అయిపోయే ప్రమాదం ఉందని అందులోనే హెచ్చరించారు. 1938లో హరిపుర కాంగ్రెసు ఈ పథకాన్ని ఆమోదించింది. ఆ ఏడాదే జామియాలో ఉస్తాదోం కా మద్రసా, అంటే ఉపాధ్యాయ శిక్షణ కళాశాల వెలిసింది.

మనవాళ్ళలో చాలామంది ఆ పథకాన్ని గట్టిగా వ్యతిరేకించారన్నది కూడా చెప్పుకోవాలి. అందులో మతబోధ లేదని ముస్లిం లీగు విమర్శించింది. సొంత కౌమ్ నుంచి నిందలు పడినా ఆయన పని మానలేదు, మర్యాదా తప్పలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక బేసిక్ స్కూలు అన్న బోర్డులు దేశమంతా వెలిశాయి. తకిలీ పీరియడ్ల సంగతి మన జిల్లాల్లో పాతతరం వాళ్ళు చెప్పుకునేవారు. కానీ చాలాచోట్ల బోర్డు మారిందే గాని బోధన మారలేదు. పంతులుకి శిక్షణ సరిగా లేదు, సామాను లేదు, పైనుంచి ఆర్డర్లు మాత్రం వచ్చాయి. ఈ పేరుతో జరుగుతున్నది మోసమని జాకిర్ గారే బహిరంగంగా అన్నారు. తన పేరుతో ముడిపడిన పథకం గురించి అలా చెప్పడానికి ఎంత నిజాయితీ కావాలి!

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశం మతకలహాల్లో కాలుతున్న వేళ నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ గార్లను ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, ఈ మంటలు ఆర్పమని ఒక ఉపాధ్యాయుడిగా వేడుకున్నారు. మంటలు ఆరలేదు. 1947లో జలంధర్ స్టేషనులో ఆయన ప్రాణమే పోబోయింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి కాపాడారు. ఆయన మనసులో ద్వేషం మాత్రం చేరలేదు.

1948 నుండి 1956 వరకు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా, విభజన తర్వాత దిక్కు తోచని ఆ సంస్థను నిలబెట్టారు. డాక్టర్ రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో సభ్యులుగా పనిచేశారు. 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1963లో భారతరత్న అందుకున్నారు. 1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయన మీద పోటీ చేసినవారు మన తెలుగువారైన మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. జాకిర్ గారికి 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971 ఓట్ల విలువ వచ్చింది. హైదరాబాదులో పుట్టిన ఉస్తాద్ రాష్ట్రపతి భవనం చేరారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయనను ఖననం చేసింది జామియా ఆవరణలోనే. పిల్లల అల్లరి వినిపించే చోటే ఆయన సమాధి ఉండటం ఎంతో తగినట్టుగా ఉంది.

ఇప్పుడు మన సంగతి. మన రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం శాసన మండలిలో సుమారు పన్నెండో వంతు సభ్యులను ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈ ఏర్పాటు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక బడిలో అరవై మంది పిల్లలకు ఇద్దరు టీచర్లు ఉండాలన్నది. అంటే జాకిర్ గారి కమిటీ చెప్పిన ముప్పై దగ్గరికే, డెబ్బై రెండేళ్ళ తర్వాత వచ్చామన్నమాట. చట్టం ఇచ్చిన ఓటు మంచిదే. కానీ మన కౌమ్ నడిపే బడులలో, మద్రసాలలో ఏం జరుగుతోంది? కమిటీ పెద్దలు కూర్చుంటారు. ఫీజు, మీడియం, పుస్తకాలు, సెలవులు అన్నీ తేలుస్తారు. టీచరమ్మను పిలిచేది చాయ్ అయ్యాక, నిర్ణయం చెప్పడానికి. జీతం పెంచమంటే జామియా త్యాగాన్ని గుర్తుచేస్తాం. ఆ పదకొండు మంది తమ జీతాన్ని తామే తగ్గించుకున్నారు, ఇంకొకరి జీతం తగ్గించలేదు. పైగా సంస్థ వాళ్ళ చేతిలో ఉండేది. పగ్గాలు మనం పట్టుకుని త్యాగం వాళ్ళను చేయమనడం జాకిర్ సాహెబ్ చూపిన దారి కాదు.

కాబట్టి మా మనవి చిన్నది. మన సంఘాల్లో ఎక్కడ బడి నడుస్తున్నా, ఆ కమిటీలో ఇద్దరు ఉపాధ్యాయులకు, అందులో ఒక మహిళకు, ఓటుతో సహా చోటు ఇద్దాం. సిలబసు, టైంటేబులు మార్చే ముందు వాళ్ళ మాట విందాం. వాళ్ళు కాదంటే ఎందుకో అడుగుదాం. గాంధీజీ అంతటివారు ఒక ఉస్తాద్ అభ్యంతరం వినగలిగినప్పుడు, మనం వినలేమా?

అల్లాహ్ మర్హూం డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారికి జన్నత్ ప్రసాదించుగాక. మన ఉస్తాదులను గౌరవించే బుద్ధి మనకు ఇచ్చుగాక. ఆమీన్.