భాస్కరాచార్య చరిత్రము

లీలావతి యనగానే పెద్దలు నీటి గడియకుడుకలో ముత్యము పడి ముహూర్తము తప్పిన కూతురి కథ చెప్పుదురు. ఆ కథ భాస్కరుని గ్రంథమున లేదు. 1587లో దానిని పారసీకమునకు మార్చిన ఫైజీ పీఠికలో కలదు. కథకంటె నాతని గణితమే విశేషము.

భాస్కరుడు క్రీ.శ. 1114లో మహేశ్వరునకు పుత్రుడై జన్మించెను. సహ్యాద్రి ప్రాంతమందలి విజ్జడవిడ మాతని యూరు, తండ్రియే గురువు. 36వ యేట, 1150లో, సిద్ధాంతశిరోమణిని రచించెను. లీలావతియు బీజగణితమును అందలి భాగములే. 1183లో, వార్ధక్యమున, కరణకుతూహలమును వ్రాసెను.

బీజగణితమున నొక లెక్క కలదు. ఒక సంఖ్య వర్గమును 61చే గుణించి 1 కలిపినచో మరల పూర్ణవర్గము కావలెను. ఒకటి మొదలుకొని వరుసగా పరీక్షించువాడు జీవితమంతయు వెచ్చించినను తుద గాంచడు. ఏలయన ఆ సంఖ్యలలో కనిష్ఠమైనది 22,61,53,980. ఉత్తరము దూరముననున్నదో, అసలే లేదో తెలియకపోవుటయే యిందలి చిక్కు. రెండుత్తరములను కూర్చి మూడవదానిని పుట్టించు భావనను బ్రహ్మగుప్తుడు 628లోనే చెప్పెను. చక్రవాళ విధానమును జయదేవుడెఱుగును. భాస్కరుడు దానిని విశదముగా బోధించి యీ లెక్కను కొలది మెట్లలో తేల్చెను.

1 కలుపుటకు మారుగా తీసివేయవలసినచో? గుణకము రెండు వర్గముల మొత్తము కానియెడల ఆ లెక్క ఖిలమని, అనగా ఉత్తరము లేనిదని, భాస్కరుడు నిర్ణయించెను. 13 అనగా 4, 9ల మొత్తము. 25ను 13చే గుణించి 1 తీసిన 324, అది 18 వర్గము. గుణకము 3 అయినచో వెదకుట వృథా. 34 రెండు వర్గముల మొత్తమే యైనను దానికిని ఉత్తరము లేదు. కావున నీ సూత్రము సర్వమును తేల్చదు. అయినను, పద్దు పొసగదని ముందే యెఱుగుట యెంత మేలో రాత్రులు దీపము చెంత లెక్కలు సరిచూచువారికి తెలియును.

చక్రవాళమెల్లప్పుడు ఫలించునని భాస్కరుడు ఋజువు వ్రాయలేదు. గుణకము పూర్ణవర్గము కానిచో, 1 కలుపు లెక్కకు ఉత్తరము తప్పక యుండునని 1768లో లగ్రాంజి నిరూపించెను. పూర్ణాంక సమీకరణములన్నిటికిని ఉత్తరము కలదో లేదో తేల్చు నొకే విధానమును 1900లో హిల్బర్టు కోరెను. అట్టిది లేదని, పూర్వుల కృషిని ముగించి, 1970లో మతియసేవిచ్ తేల్చెను.

భాస్కరుని కుమారుడు లక్ష్మీధరుని దేవగిరి రాజు జైత్రపాలుడు తన యాస్థానమునకు గొనిపోయెను. మన కాకతీయులతో పోరిన జైత్రపాలు డతడే. మనుమడు చంగదేవుడు తాత గ్రంథములను బోధించుటకై పాటణమున మఠము నెలకొల్పెను. సామంతుడు సోయిదేవుడు ఆ మఠమున కొసగిన దానములు 1207 నాటి శాసనమున చెక్కబడియున్నవి.