రాజౌరీకి బాట తీసిన రాణే

1948 ఏప్రిల్ 8. జమ్మూ ప్రాంతంలో నౌషేరా నుంచి రాజౌరీ వెళ్లే కొండదారి. భారత సైన్యం టాంకులు దారిలోనే ఆగిపోయాయి. ముందుకు కదిలే వీల్లేదు. శత్రువులు దారి పొడవునా మందుపాతరలు పాతారు. చెట్లు నరికి అడ్డంగా పడేశారు. కల్వర్టులు పేల్చేశారు.

రాజౌరీ పట్టణం 1947 నవంబరులోనే చొరబాటుదార్ల వశమైంది. ఎందరో ఊచకోతకు గురయ్యారు. మిగిలిన జనం ప్రాణాలు దక్కాలంటే సైన్యం త్వరగా చేరాలి. సైన్యం చేరాలంటే ముందు దారి కావాలి. ఆ బాధ్యత సెకండ్ లెఫ్టినెంట్ రామా రాఘోబా రాణే మీద పడింది.

రాణే 1918 జూన్ 26న కార్వార్ సమీపంలోని చెండియా గ్రామంలో పుట్టారు. తండ్రి పోలీసు కానిస్టేబులు. తండ్రికి తరచు బదిలీలు కావడంతో చదువు నిలకడగా సాగలేదు. 1940లో బొంబాయి ఇంజనీర్ల దళంలో మామూలు సిపాయిగా చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో జపాను సేనలతో పోరాడారు. 1947 డిసెంబరులో ఆఫీసరయ్యారు. నాలుగు నెలలు తిరగకుండానే ఈ పరీక్ష ఎదురైంది.

ఆ రోజు ఉదయం 11 గంటలకు పని మొదలు పెట్టబోతుండగా మోర్టారు గుండ్లు వచ్చి పడ్డాయి. దళంలో ఇద్దరు చనిపోయారు. రాణేతో సహా అయిదుగురు గాయపడ్డారు. ఆయన వెనక్కి వెళ్లలేదు. మిగిలినవారిని కూడగట్టుకుని పనిలోకి దిగారు. బర్వాలీ కొండ మన వశమయ్యాక, టాంకులు వెళ్లడానికి పక్కదారి వేయిస్తూ రాత్రి 10 గంటల దాకా పనిచేశారు.

మర్నాడు తెల్లవారి 6 గంటలకే మళ్లీ పని. మధ్యాహ్నం 3 గంటలకు పక్కదారి సిద్ధమైంది. టాంకులు కదిలాయి. అరమైలు పోగానే పైన్ చెట్ల అడ్డు. రాణే బండి దిగి వాటిని పేల్చేశారు. 300 గజాలు పోగానే మళ్లీ అదే అడ్డు. ఆ తర్వాత కూలిన కల్వర్టు. కొండల మీది నుంచి మెషిన్‌గన్లు కాలుస్తూనే ఉన్నాయి.

పొద్దుగూకే వేళకు అయిదు పెద్ద చెట్లు, వాటి చుట్టూ మందుపాతరలు ఎదురయ్యాయి. చీకటి పడడంతో సేన ఆగింది. 10వ తేదీ తెల్లవారుజామున 4.45కు రాణే మళ్లీ మొదలుపెట్టి, 6.30కల్లా ఆ అడ్డు తొలగించారు. గుండ్లు తగలకుండా టాంకు కిందనే పాకుతూ, తాడు లాగి డ్రైవరుకు సైగ చేస్తూ మందుపాతరలు తీశారని చెబుతారు.

ఆ మధ్యాహ్నం టాంకులు తావి నది ఇసుకలో దిగి చింగాస్ చేరాయి. కాని తిండి, మందుగుండు తెచ్చే లారీలకు రోడ్డే దిక్కు. అందుకని రాణే తిండీ విశ్రాంతీ లేకుండా రాత్రి 9 దాకా శ్రమించారు. 11వ తేదీ ఉదయం 11 గంటలకు చింగాస్ దాకా దారి తెరుచుకుంది. 12న సైన్యం రాజౌరీ చేరింది.

ఈ సాహసానికి పరమవీర చక్ర లభించింది. ఆ పతకాన్ని బతికుండగా అందుకున్న మొదటి వీరుడు రాణేనే. 1968లో మేజరుగా పదవీ విరమణ చేశారు. 1994 జూలై 11న కన్నుమూశారు. 2023లో అండమాన్‌లోని ఒక దీవికి ఆయన పేరు పెట్టారు.

యుద్ధమంటే తుపాకి పట్టినవారే గుర్తుకొస్తారు. రాజౌరీలో బతికి బయటపడ్డవారికి మాత్రం, వారి దాకా దారి తీసిన ఈ కానిస్టేబులు కొడుకు చేసిన మేలు తక్కువది కాదు.