రాకెట్టు శిల్పి గొడార్డ్

తారాజువ్వను ఎరుగని పిల్లలుండరు. నిప్పంటించగానే దానిలోని మందు మండి, వాయువులు వేగంగా కిందికి తన్నుకొని వస్తాయి. ఆ విసురుకు జువ్వ రివ్వున పైకి లేస్తుంది. రాకెట్టుకు కూడా ఇదే సూత్రం ఆధారం. అయితే ఒకసారి అంటించిన జువ్వ మన అదుపులో ఉండదు. మందుకు బదులు ద్రవ ఇంధనాన్ని మండించి రాకెట్టును ఎగురవేసిన మొదటి శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్.

గొడార్డ్ 1882 అక్టోబరు 5వ తేదీన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, వూస్టర్ నగరంలో జన్మించారు. చిన్ననాటి నుండి ఆయనది బలహీనమైన శరీరం. తరచు జబ్బు పడడం వల్ల చదువులో తోటివారికంటే వెనుకబడ్డారు. అయినా పట్టు విడువక చదివి, 1911లో క్లార్క్ విశ్వవిద్యాలయం నుండి భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందారు. 1913లో క్షయవ్యాధి సోకింది. ఆయన బతుకుతారన్న ఆశ వైద్యులకు లేకపోయింది. కాని గొడార్డ్ మెల్లగా కోలుకొన్నారు. ద్రవ ఇంధన రాకెట్టుకు, అంచెల రాకెట్టుకు 1914లో పేటెంట్లు సంపాదించారు.

1920లో ఆయన పరిశోధన లోకానికి వెల్లడైంది. రాకెట్టు చంద్రుణ్ణి కూడా చేరగలదన్న ఆలోచనను చూసి కొందరు నవ్వారు. శూన్యంలో నెట్టుకోవడానికి గాలి ఉండదనీ, ఈ మాత్రం కూడా గొడార్డ్‌కు తెలియదనీ న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఎగతాళి చేసింది. నిజానికి గాలి లేని గొట్టంలోనూ రాకెట్టు పనిచేస్తుందని ఆయన అప్పటికే ప్రయోగం చేసి చూశారు. ఆ అవహేళన ఆయన మనసును గాయపరిచింది. ఆ తరువాత ఆయన ఎక్కువగా మాట్లాడక, తన పనిలోనే మునిగిపోయారు.

1926 మార్చి 16న ఆబర్న్‌లోని ఒక పొలంలో, మంచు ఇంకా కరగని నేలపై ఆ రాకెట్టును నిలబెట్టారు. పెట్రోలు, ద్రవ ఆక్సిజన్ దాని ఆహారం. అది రెండున్నర సెకన్లపాటు ఎగిరి, 41 అడుగుల ఎత్తుకు లేచి, 184 అడుగుల దూరాన పడి విరిగింది. మంట వెలువడే గొట్టం కొంత కాలిపోయింది. చూసేవారికి అది విరిగిన ఇనుము మాత్రమే. గొడార్డ్‌కు మాత్రం ఆ ముక్కలే పాఠ్యపుస్తకం. ఆయన వాటిని ఏరి తెచ్చి పరీక్షించేవారు. బాగున్న భాగాలను మళ్లీ వాడేవారు, చెడిన భాగం ఎందుకు చెడిందో ఆలోచించేవారు.

ఆ మొదటి రాకెట్టులో ఇంజను పైన, ఇంధనపు తొట్లు కింద ఉండేవి. బండిని ఎద్దులు ముందుండి లాగినట్లు ఇంజను లాగితే రాకెట్టు నిటారుగా పోతుందని ఆయన భావించారు. అలా జరగదని అనుభవం నేర్పింది. రెండు నెలలలోనే ఇంజనును అడుగు భాగానికి మార్చారు. మార్చిన రాకెట్టు నేల విడిచి లేవలేదు. అయినా ఆయన వెనుకంజ వేయలేదు.

1929 జూలైలో ఒక రాకెట్టు చేసిన పెద్ద చప్పుడుకు, విమానం కూలిందని భయపడి జనం పరుగెత్తుకొని వచ్చారు. ఆ రాష్ట్రంలో ఇక ప్రయోగాలు చేయరాదని అధికారులు ఆజ్ఞాపించారు. అప్పుడు విమానవీరుడు లిండ్‌బర్గ్ పూనుకొని గుగ్గెన్‌హైమ్ కుటుంబంచేత ధనసహాయం చేయించారు. 1930లో గొడార్డ్ న్యూమెక్సికోలోని రాస్‌వెల్‌కు మకాం మార్చారు. భార్య ఎస్తర్ ఆయనకు కుడిభుజం. ఆమె ప్రయోగాలను ఫిల్ము తీసేవారు, పారాచూట్లు కుట్టేవారు, గడ్డికి అంటుకొన్న మంటలను ఆర్పేవారు.

రాకెట్టు పక్కకు ఒరగకుండా చూడడం అన్నిటికంటే కష్టమైన పని. గిర్రున తిరిగే బొంగరం పడిపోకుండా నిలుస్తుంది కదా! ఆ గుణమే గల గైరోస్కోపును ఆయన రాకెట్టులో అమర్చారు. రాకెట్టు ఒరిగితే, మంటలోకి జరిగి దానిని సరిదిద్దే లోహపు రేకులను దానికి జోడించారు. 1932 ఏప్రిల్‌లో ఆ రాకెట్టు 135 అడుగులు మాత్రమే ఎగిరి కూలింది. గొడార్డ్ వెళ్లి రేకులను తాకి చూశారు. సరిదిద్దవలసిన వైపు రేకులు మిగిలినవాటికంటే వేడిగా ఉన్నాయి. అంటే అవి సరిగానే మంటలోకి జరిగాయన్నమాట! రాకెట్టు కూలినా ఆలోచన నిలిచింది. తరువాత ఆయన ఆ పరికరాన్ని మెరుగుపరిచారు. 1935 మార్చి 28న అది అమర్చిన రాకెట్టు 4,800 అడుగుల ఎత్తుకు ఎగిరింది.

గొడార్డ్ 1945 ఆగస్టు 10న మరణించారు. చంద్రయాత్రను చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు. 1969 జూలైలో అపోలో 11 చంద్రుని వైపు బయలుదేరిన మరునాడు, న్యూయార్క్ టైమ్స్ తన 1920 నాటి పొరపాటును సవరించుకొంది. మన దేశంలో తమిళనాడులోని మహేంద్రగిరిలో పరీక్షించే రాకెట్టు ఇంజన్లు కూడా ద్రవ ఇంధనంతో పనిచేసేవే.

పడిన ప్రతిసారీ ఎందుకు పడ్డామో తెలుసుకొని, దానిని సరిదిద్దుకొని లేచినవానికి ఓటమి కూడా గురువే అవుతుంది. గొడార్డ్ జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.